ఐలండ్ ట్రీస్ ఉన్నత పాఠశాల: శివారు సమాజం, గ్రంథాలయం, పఠన స్వేచ్ఛ – ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలండ్ మీద రెండవ ప్రపంచ యుద్ధానంతరం వెలసిన లెవిట్‌టౌన్, అమెరికా శివారు జీవనానికి ప్రతీకగా చరిత్రకెక్కింది. ఆ ప్రాంతపు పిల్లలు చదివే ప్రభుత్వ పాఠశాలల్లో ఐలండ్ ట్రీస్ ఉన్నత పాఠశాల ఒకటి. 1976లో ఆ పాఠశాల గ్రంథాలయం నుంచి కొన్ని పుస్తకాలను పాఠశాల మండలి తొలగించింది. విద్యార్థులు న్యాయస్థానానికి వెళ్లారు. 1982లో అమెరికా సుప్రీంకోర్టు ఆ వివాదంలో తీర్పు చెప్పింది. సాధారణంగా ఈ ఉదంతాన్ని భావప్రకటన స్వేచ్ఛకు సంబంధించిన న్యాయచరిత్రలో భాగంగానే చదువుతారు. ఆ ఊరు పుట్టిన తీరును, ఆ పాఠశాల ఆర్థిక పునాదిని, తొలగింపునకు గురైన గ్రంథాల స్వభావాన్ని కలిపి చూస్తే ఈ ఉదంతం మరొక అర్థాన్నిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: శివారు సమాజం, ప్రభుత్వ పాఠశాల, పాఠశాల మండలి, గ్రంథ నిషేధం, నల్లజాతి సాహిత్యం, పఠన స్వేచ్ఛ.

1. ప్రస్తావన

పాఠశాల ఎవరిది అనే ప్రశ్నకు సమాధానం తేలికగా దొరకదు. పన్ను కట్టే ఊరివారిదా, పాఠం చెప్పే ఉపాధ్యాయులదా, పిల్లల్ని పంపే తల్లిదండ్రులదా, చదువుకునే పిల్లలదా? మామూలు రోజుల్లో ఈ నలుగురికీ మధ్య తగవు ఉండదు కనుక ప్రశ్న కూడా తలెత్తదు. తగవు వచ్చిన రోజున మాత్రం, అంతవరకు కనబడని గీతలన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. చరిత్రకారుడికి అటువంటి సందర్భాలే విలువైనవి.

ఐలండ్ ట్రీస్ పాఠశాల వివాదం అటువంటి సందర్భం. ఇందులో పుస్తకాల జాబితా ఉంది, ఆ జాబితాను తయారుచేసినవారి వాదన ఉంది, దానిని ప్రశ్నించిన విద్యార్థుల వాదన ఉంది, తొమ్మిదిమంది న్యాయమూర్తుల భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. వీటన్నిటి వెనుక, ఒక ప్రత్యేకమైన పద్ధతిలో నిర్మితమైన ఊరు ఉంది. ఆ ఊరిని వదిలి పుస్తకాలను మాత్రమే చూసినా, పుస్తకాలను వదిలి తీర్పును మాత్రమే చూసినా విషయం సగమే అర్థమవుతుంది.

2. ఆలుగడ్డ పొలాల నుంచి ఆదర్శ శివారు దాకా

లాంగ్ ఐలండ్‌లోని నాసో కౌంటీలో ఐలండ్ ట్రీస్ అనే ప్రాంతం 1940ల నడుమ దాకా ప్రధానంగా ఆలుగడ్డ పొలాల నేల. యుద్ధం ముగిసి లక్షలాది సైనికులు తిరిగివచ్చారు. వారికి ఇళ్లు లేవు. 1944 నాటి జి.ఐ. చట్టం మాజీ సైనికుల గృహరుణాలకు ప్రభుత్వ హామీ కల్పించింది. ఈ రెంటినీ కలిపి చూడగలిగిన నిర్మాణ సంస్థ 'లెవిట్ అండ్ సన్స్'. దాని సారథి విలియం లెవిట్. ఇంటి నిర్మాణాన్ని చిన్న చిన్న పనులుగా విడదీసి, ఒక్కొక్క పనివారి బృందం ఒక్కొక్క పనినే ఇంటి తరువాత ఇంటిలో చేసుకుంటూ పోయే పద్ధతిని ఆ సంస్థ అమలుపరిచింది. కర్మాగారంలో వస్తువు కదులుతుంది, పనివాడు నిలబడతాడు. ఇక్కడ ఇల్లు నిలబడింది, పనివాడు కదిలాడు.

1947 అక్టోబరులో మొదటి కుటుంబాలు అద్దెకు దిగాయి. తరువాత ఇళ్లను అమ్మడం మొదలైంది. 1951 నాటికి 17,447 ఇళ్లు పూర్తయ్యాయి. ఐలండ్ ట్రీస్ అనే పాత పేరు పోయి లెవిట్‌టౌన్ అనే కొత్త పేరు వచ్చింది. పాత పేరు మాత్రం పాఠశాల జిల్లా పేరులో మిగిలిపోయింది.

ఈ ఊరి పుట్టుకలోనే ఒక నిషేధం ఉంది. తొలి అద్దె ఒప్పందాలలో, కాకేసియన్ జాతికి చెందనివారెవరూ ఆ ఇంటిలో నివసించరాదనే నిబంధన ముద్రితమై ఉండేది. ఇంటి పనివారికి మాత్రం మినహాయింపు ఉండేది. అంటే నల్లజాతి మనిషి ఆ ఇంటిలో పనిచేయవచ్చు, కాపురం ఉండరాదు. ఇది ఒక్క నిర్మాణ సంస్థ అభిమతమే కాదు. గృహరుణాలకు హామీ ఇచ్చే ఫెడరల్ గృహనిర్మాణ యంత్రాంగం కూడా ఒకే జాతివారుండే ప్రాంతాలకే విలువ ఎక్కువని లెక్కగట్టేది. జాతి నిబంధనలను న్యాయస్థానాలు అమలుపరచరాదని 1948లో షెల్లీ వర్సెస్ క్రేమర్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. తరువాత ఒప్పందాల నుంచి ఆ వాక్యం తొలగింది కాని ఆచరణ తొలగలేదు. గృహాల అమ్మకంలో, అద్దెలో జాతివివక్షను నిషేధించే ఫెడరల్ చట్టం రావడానికి 1968 దాకా ఆగవలసివచ్చింది. అప్పటికి ఊరి స్వరూపం స్థిరపడిపోయింది.

లెవిట్‌టౌన్ వాసులను ధనికులుగా భావించడం పొరపాటు. వారు ఎక్కువగా శ్రామిక, దిగువ మధ్యతరగతి కుటుంబాలవారు. న్యూయార్క్ నగరపు ఇరుకు వాటాల నుంచి బయటపడి, తమకంటూ ఇంత నేల, పెరడు సంపాదించుకున్నవారు. కాథలిక్కులు, యూదులు, ప్రొటెస్టంటులు పక్కపక్క ఇళ్లలో కాపురమున్నారు. నగరంలో వేర్వేరు పేటల్లో బతికిన ఈ వర్గాలు ఇక్కడ ఒకే పాఠశాలకు పిల్లలను పంపాయి. ఆ మేరకు ఈ ఊరు ఒక కలయిక. అయితే ఆ కలయిక ఒక గీతకు లోపలే జరిగింది. ఈ రెండు నిజాలనూ ఒకేసారి గుర్తుంచుకోవాలి.

3. పాఠశాల జిల్లా: పన్ను, ఓటు, అధికారం

ఇక్కడ అమెరికా పాఠశాల వ్యవస్థను గురించి కొంత వివరణ అవసరం. తెలుగు రాష్ట్రాలలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు ఉపాధ్యాయుల జీతాలు, పాఠ్యప్రణాళిక, పాఠ్యపుస్తకాలు ప్రధానంగా రాష్ట్ర ప్రభుత్వం నుంచి వస్తాయి. ఊరివారు పాఠశాలను తమదిగా ప్రేమించవచ్చు కాని దాని పద్దును వారు నిర్ణయించరు. న్యూయార్క్ శివారులలో పరిస్థితి వేరు. అక్కడ పాఠశాల జిల్లా అంటే రెవెన్యూ జిల్లా వంటిది కాదు. కొన్ని పాఠశాలల నిర్వహణకోసం ఏర్పడిన ప్రత్యేక స్థానిక పాలనాసంస్థ. దానికి ఎన్నికైన మండలి ఉంటుంది. ఆ మండలి ఇంటిపన్ను విధించి డబ్బు సమకూర్చుకుంటుంది. రాష్ట్రం కొంత సాయం చేస్తుంది. ఏటేటా పాఠశాల పద్దును నివాసుల ఓటుకు పెడతారు.

లెవిట్‌టౌన్ విషయంలో దీనికి మరింత ప్రాధాన్యం ఉంది. అది చట్టరీత్యా నగరం కాదు. దానికి మేయరు లేడు, పురపాలక సంఘం లేదు. చాలామటుకు అది హెంప్‌స్టెడ్ అనే పెద్ద టౌన్ పాలన కిందికి వస్తుంది. అటువంటి చోట నివాసులకు అతి సమీపంగా ఉండే ఎన్నికైన సంస్థ పాఠశాల మండలి. ఊరు తనను తాను పాలించుకునే వేదిక అదే. కనుక ఊరి భయాలు, ఆకాంక్షలు, విలువలు మొదట వినబడేది కూడా అక్కడే.

పైగా ఆ ఊరంతా ఒకే పాఠశాల జిల్లా కాదు. లెవిట్‌టౌన్ పాఠశాల జిల్లా వేరు, ఐలండ్ ట్రీస్ పాఠశాల జిల్లా వేరు. అంచులలోని వీధులు పొరుగు జిల్లాలకు చెందుతాయి. ఒకే రకపు ఇళ్లు, ఒకే వీధుల వరుస, కాని పిల్లలు వెళ్లే బడులు, పెద్దలు కట్టే పన్నులు వేర్వేరు.

ఈ ఏర్పాటులో ఇంటి విలువ చదువు విలువను నిర్ణయిస్తుంది. ఊరంతా చిన్న ఇళ్లే అయినప్పుడు, పెద్ద వ్యాపారాలు, పరిశ్రమలు లేనప్పుడు, ఎంత ఎక్కువ రేటున పన్ను వేసినా వచ్చేది పరిమితం. అదే పొరుగున ఖరీదైన భవనాలున్న జిల్లాకు తక్కువ రేటుతోనే ఎక్కువ రాబడి వస్తుంది. అందువల్ల పన్ను కట్టే ప్రతి కుటుంబమూ పాఠశాలను నిశితంగా గమనిస్తుంది. మా డబ్బుతో మా పిల్లలకు ఏమి చెబుతున్నారనే ప్రశ్న అక్కడ సహజంగానే పదునెక్కుతుంది. 1976 నాటి వివాదాన్ని ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవాలి.

4. పదకొండు పుస్తకాలు

1975 సెప్టెంబరులో ఐలండ్ ట్రీస్ పాఠశాల మండలి సభ్యులు ముగ్గురు ఒక సదస్సుకు హాజరయ్యారు. దానిని నిర్వహించినది 'పారెంట్స్ ఆఫ్ న్యూయార్క్ యునైటెడ్' అనే సంప్రదాయవాద తల్లిదండ్రుల సంస్థ. అక్కడ వారికి అభ్యంతరకరమైన పుస్తకాలుగా చెప్పబడే జాబితాలు దొరికాయి. నవంబరులో ఒక రాత్రి మండలి అధ్యక్షుడు రిచర్డ్ ఆరెన్స్, ఉపాధ్యక్షుడు ఫ్రాంక్ మార్టిన్ ఉన్నత పాఠశాల గ్రంథాలయంలోకి వెళ్లి, జాబితాలోని పుస్తకాలు అక్కడ ఉన్నాయేమోనని కార్డులు వెతికారు. తొమ్మిది పుస్తకాలు ఉన్నత పాఠశాలలో ఉన్నాయని, మరొకటి జూనియర్ ఉన్నత పాఠశాలలో ఉందని, ఇంకొకటి పన్నెండవ తరగతి సాహిత్య పాఠ్యక్రమంలో ఉందని తేలింది. 1976 ఫిబ్రవరిలో వాటిని అలమరల నుంచి తీసి మండలి కార్యాలయానికి పంపవలసిందిగా ఆదేశం వెలువడింది.

ఆ పుస్తకాలను ఒక్కసారి పరిశీలించడం అవసరం. రిచర్డ్ రైట్ ఆత్మకథ 'బ్లాక్ బాయ్', ఎల్డ్రిడ్జ్ క్లీవర్ జైలులో రాసిన 'సోల్ ఆన్ ఐస్', ఆలిస్ చైల్డ్రెస్ నవల 'ఎ హీరో ఏంట్ నథింగ్ బట్ ఎ శాండ్‌విచ్', లాంగ్‌స్టన్ హ్యూస్ సంపాదకత్వంలోని 'ది బెస్ట్ షార్ట్ స్టోరీస్ బై నీగ్రో రైటర్స్' – ఈ నాలుగూ నల్లజాతి రచయితలవి. స్పానిష్ హార్లెంలో పెరిగిన పీరీ థామస్ జీవితకథ 'డౌన్ దీజ్ మీన్ స్ట్రీట్స్' అయిదవది. ఆలివర్ లా ఫార్జ్ రాసిన 'లాఫింగ్ బాయ్' నవాహో ఆదివాసుల జీవితాన్ని చిత్రించిన నవల. దానికి 1930లో పులిట్జర్ బహుమతి లభించింది. బెర్నార్డ్ మాలమూడ్ నవల 'ది ఫిక్సర్' జారు చక్రవర్తుల కాలపు రష్యాలో చేయని హత్యకు నింద మోసిన యూదుని కథ. దానికీ పులిట్జర్ వచ్చింది. కర్ట్ వానెగట్ 'స్లాటర్‌హౌస్-ఫైవ్' డ్రెస్డెన్ నగరం మీద జరిగిన బాంబుదాడిని కేంద్రంగా తీసుకున్న నవల. మిగిలినవి డెస్మండ్ మోరిస్ 'ది నేకెడ్ ఏప్', రచయిత పేరు లేకుండా వెలువడిన 'గో ఆస్క్ ఆలిస్', జెరోమ్ ఆర్చర్ సంపాదకత్వంలోని 'ఎ రీడర్ ఫర్ రైటర్స్'.

ఈ పుస్తకాలు అమెరికాకు, క్రైస్తవానికి, యూదులకు వ్యతిరేకమైనవని, అసభ్యమైనవని మండలి తన పత్రికా ప్రకటనలో పేర్కొన్నది. పిల్లలను నైతిక ప్రమాదం నుంచి కాపాడడం తమ బాధ్యత అని చెప్పుకొన్నది. ఈ వాదనను తేలికగా కొట్టివేయడం న్యాయం కాదు. ఆ పుస్తకాలలో కొన్నిటిలో మోటుమాటలు, లైంగిక ప్రస్తావనలు, మాదకద్రవ్యాల వర్ణనలు ఉన్న మాట వాస్తవం. యుక్తవయసు పిల్లల చేతికి ఏ పుస్తకం ఎప్పుడు ఇవ్వాలన్నది తల్లిదండ్రులకు సహజంగా కలిగే సందేహం.

అయితే ఆరోపణలకూ, పుస్తకాలకూ పొంతన ఎంతవరకు ఉంది? యూదుల మీది ద్వేషం ఎంత క్రూరమైనదో చూపే నవల ఉన్న జాబితాకే యూదు వ్యతిరేకత అనే ముద్ర పడింది. అమెరికా వ్యతిరేకతకు ఉదాహరణ చెప్పవలసిందిగా న్యాయ విచారణలో అడిగినప్పుడు, ఆరెన్స్, మార్టిన్ చూపినది ఆలిస్ చైల్డ్రెస్ నవలను. జార్జ్ వాషింగ్టన్ బానిసలకు యజమాని అన్న ప్రస్తావన అందులో ఉండడమే దానికి కారణం. అది చారిత్రక సత్యం. సత్యమే దేశవ్యతిరేకంగా తోచినప్పుడు అభ్యంతరం భాష మీద కాదు, జ్ఞాపకం మీద అని అర్థమవుతుంది.

జాబితా మీద ఆధారపడి మండలి సభ్యుల అంతరంగాన్ని నిర్ణయించడం పరిశోధకుడి పని కాదు. అది వేరొకచోట తయారైన జాబితా. కాని ఫలితాన్ని పరిశీలించడం పరిశోధకుడి పనే. ఊరిలోకి కాపురానికి రావడానికి ఒకప్పుడు అనుమతి లేని మనుషులు, ఆ ఊరిలోకి పుస్తకాల రూపంలో వచ్చి పాఠశాల గ్రంథాలయంలో నిలిచారు. మిసిసిపీ బాలుడు, హార్లెం కుర్రవాడు, నవాహో యువకుడు ఐలండ్ ట్రీస్ విద్యార్థికి పొరుగువారు కాలేకపోయారు. ఆ విద్యార్థి వారిని కలుసుకోగలిగిన కొద్దిపాటి తావులలో గ్రంథాలయం ముఖ్యమైనది. 1976 ఆదేశం ఆ తావును కూడా మూసింది. 1947 నాటి అద్దె నిబంధనకూ 1976 నాటి ఆదేశానికీ మధ్య ప్రత్యక్ష కార్యకారణ సంబంధం లేదు. కాని ఒకే నేల మీద, ఒకే వరుస మనుషులకు, ఒకే ద్వారం రెండుసార్లు మూసుకున్నదన్నది విస్మరించరాని సంగతి.

5. సమీక్షా సంఘం, మండలి నిర్ణయం

పాఠశాలల పర్యవేక్షకుడు రిచర్డ్ మారో మండలి ఆదేశంతో ఏకీభవించలేదు. ఎవరో తయారుచేసిన జాబితాను అనుసరించి పుస్తకాలు తీసివేయడం సరికాదని, అభ్యంతరాలు వచ్చినప్పుడు సంఘాన్ని వేసి పరిశీలించే పద్ధతి జిల్లాలో ఇదివరకే ఉందని ఆయన రాతపూర్వకంగా తెలిపాడు. వివాదం పత్రికలకెక్కిన తరువాత మండలి నలుగురు తల్లిదండ్రులు, నలుగురు పాఠశాల సిబ్బందితో పుస్తక సమీక్షా సంఘాన్ని నియమించింది.

ఆ సంఘం పుస్తకాలు చదివి 1976 జూలైలో నివేదిక ఇచ్చింది. అయిదు పుస్తకాలను ఉంచాలని, రెండింటిని తొలగించాలని, వానెగట్ నవలను తల్లిదండ్రుల అనుమతితో ఇవ్వాలని సూచించింది. మిగిలినవాటి మీద ఏకాభిప్రాయం కుదరలేదు. ఈ నివేదికలోని విశేషం దాని తడబాటులోనే ఉంది. ఆ ఎనిమిదిమంది ఒకే మాట మీద నిలవలేదు. ఒక్కొక్క పుస్తకాన్ని ఒక్కొక్క విధంగా తూచారు. చదివినవారు తూచే పద్ధతి అదే. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కలిసి కూర్చుంటే, సంప్రదాయ భావాలున్న ఊరిలో కూడా, వివేకంతో కూడిన మధ్యేమార్గం సాధ్యమేనని ఆ నివేదిక నిరూపించింది.

మండలి మాత్రం దానిని ఆమోదించలేదు. 'లాఫింగ్ బాయ్'ని షరతులు లేకుండా, 'బ్లాక్ బాయ్'ని తల్లిదండ్రుల అనుమతితో తిరిగి అనుమతించింది. తక్కిన తొమ్మిదింటిని గ్రంథాలయం నుంచి, పాఠ్యక్రమం నుంచి తొలగించింది. తాను నియమించిన సంఘం సూచనను కాదన్నందుకు కారణాలేవీ వివరించలేదు.

6. న్యాయస్థానాలలో

1977 జనవరిలో స్టీవెన్ పీకో అనే ఉన్నత పాఠశాల విద్యార్థి, మరి నలుగురు విద్యార్థులు వ్యాజ్యం వేశారు. న్యూయార్క్ సివిల్ లిబర్టీస్ యూనియన్ వారికి అండగా నిలిచింది. తమ ఊరి పెద్దలు ఎన్నుకున్న మండలి మీద, తాము రోజూ వెళ్లే బడిని నడిపే మండలి మీద ఆ పిల్లలు నిలబడ్డారు. శివారు ఊరిలో అందరూ అందరికీ తెలిసినవారే. కనుక ఆ సాహసాన్ని కేవలం న్యాయపరమైన చర్యగా చూడలేము.

1979లో ఫెడరల్ జిల్లా న్యాయస్థానం పూర్తి విచారణ అవసరం లేకుండానే మండలికి అనుకూలంగా తీర్పునిచ్చింది. 1980లో అప్పీలు న్యాయస్థానం దానిని తోసిపుచ్చి, విచారణ జరగాలన్నది. మండలి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1982 జూన్ 25న తీర్పు వెలువడింది. విచారణ జరగాలనే నిర్ణయానికి అయిదుగురు న్యాయమూర్తులు మొగ్గారు, నలుగురు విభేదించారు.

జస్టిస్ విలియం బ్రెనన్ ప్రధానాభిప్రాయం రాశారు. పాఠశాల విద్యార్థులకూ రాజ్యాంగ హక్కులున్నాయని 1943 నాటి పతాక వందనం తీర్పు, 1969 నాటి టింకర్ తీర్పు అప్పటికే స్థాపించాయి. బ్రెనన్ వాటిని ఆధారం చేసుకొని, భావప్రకటన హక్కులో భావాలను అందుకునే హక్కు కూడా ఇమిడి ఉందన్నారు. పాఠ్యక్రమాన్ని నిర్ణయించే విషయంలో మండలికి విస్తృతాధికారం ఉంది. కాని గ్రంథాలయం నిర్బంధ పఠనస్థలం కాదు, విద్యార్థి తన ఇష్టంతో అడుగుపెట్టే చోటు. అక్కడ ఉన్న పుస్తకాన్ని, అందులోని భావాలు నచ్చలేదన్న కారణంతో మాత్రమే తీసివేయడం రాజ్యాంగ విరుద్ధం. విద్యాపరంగా పనికిరాదనో, ఆద్యంతం అసభ్యమనో తీసివేయడం వేరు. కాబట్టి మండలి ఉద్దేశం ఏమిటన్నది విచారణలో తేలాలి.

ఈ అభిప్రాయానికి సంపూర్ణ మద్దతు లభించలేదు. జస్టిస్ బైరన్ వైట్ విచారణ జరగాలన్నంతవరకే అంగీకరించి, రాజ్యాంగ ప్రశ్నను తాకలేదు. అందువల్ల బ్రెనన్ సూత్రం మెజారిటీ శాసనంగా స్థిరపడలేదు. ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్, న్యాయమూర్తులు పవెల్, రెన్‌క్విస్ట్, ఓకానర్ విభేదించారు. ఊరివారు ఎన్నుకున్న మండలి నిర్ణయాలను న్యాయస్థానాలు సరిదిద్దబూనడం ప్రజాస్వామ్యానికే విరుద్ధమని వారి వాదన. ఆ పుస్తకాలు దుకాణాలలో, సార్వజనిక గ్రంథాలయాలలో దొరుకుతూనే ఉన్నాయని కూడా వారు గుర్తుచేశారు. పవెల్ ఒకప్పుడు రిచ్‌మండ్ నగర పాఠశాల మండలికి అధ్యక్షుడుగా పనిచేసినవారు. ఆయన మాటల్లో ఆ అనుభవపు బరువు కనబడుతుంది.

విచారణ చివరికి జరగనే లేదు. 1982 ఆగస్టులో మండలి పుస్తకాలను తిరిగి గ్రంథాలయంలో ఉంచడానికి తీర్మానించింది. వాటిని తీసుకున్న విద్యార్థుల తల్లిదండ్రులకు కబురు చేయాలనే షరతు మొదట పెట్టి, తరువాత దానినీ వదులుకుంది. పుస్తకాలు అలమరలకు చేరాయి. అప్పటికి వ్యాజ్యం వేసిన పిల్లలు బడి దాటి ఎదిగిపోయారు.

7. ఒకే వారం, రెండు తీర్పులు

ఈ ఉదంతాన్ని చర్చించేవారు సాధారణంగా పట్టించుకోని మరొక తీర్పు ఉంది. సుప్రీంకోర్టు తీర్పుకు సరిగ్గా రెండు రోజుల ముందు, 1982 జూన్ 23న, న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానమైన కోర్ట్ ఆఫ్ అప్పీల్స్ పొరుగునే ఉన్న లెవిట్‌టౌన్ పాఠశాల జిల్లా వేసిన వ్యాజ్యంలో తీర్పు చెప్పింది. 1974లో లెవిట్‌టౌన్‌తో పాటు మొత్తం 27 పాఠశాల జిల్లాలు ఆ వ్యాజ్యం వేశాయి. ఇంటిపన్ను మీద ఆధారపడిన ఏర్పాటు వల్ల ఆస్తివిలువ తక్కువగా ఉన్న జిల్లాల పిల్లలకు అన్యాయం జరుగుతున్నదని వాటి ఆరోపణ. 1978లో విచారణ న్యాయస్థానం ఆ వాదనను అంగీకరించింది. కోర్ట్ ఆఫ్ అప్పీల్స్ కాదన్నది. రాష్ట్ర రాజ్యాంగం పిల్లలకు గట్టి ప్రాథమిక స్థాయి విద్యను హామీ ఇస్తుంది కాని జిల్లాల మధ్య సమానతను హామీ ఇవ్వదని, వ్యత్యాసాలు స్థానిక స్వపరిపాలన అనే లక్ష్యం నుంచి పుట్టినవని తేల్చింది.

రెండు తీర్పులలోనూ కీలకపదం ఒకటే: స్థానిక స్వపరిపాలన. ఒకచోట ఆ సూత్రం పేరుతో ఊరికి పేదరికం మిగిలింది. మరొకచోట అదే సూత్రం పేరుతో మండలి పుస్తకాల మీద అధికారం కోరింది. డబ్బు విషయంలో ఊరి చేతిలో లేని స్వేచ్ఛను, పుస్తకాల విషయంలో ఊరు గట్టిగా పట్టుకోబోయింది. పవెల్ 1973లో శాన్ ఆంటోనియో వర్సెస్ రోడ్రిగ్జ్ తీర్పు రాసి, పాఠశాల నిధుల అసమానతను ఫెడరల్ రాజ్యాంగం కింద ప్రశ్నించడానికి వీలులేదన్నారు. అక్కడా ప్రధానాధారాలలో ఒకటి స్థానిక స్వపరిపాలనే. ఐలండ్ ట్రీస్ తీర్పులో ఆయన భిన్నాభిప్రాయం ఆ ఆలోచనకు కొనసాగింపు.

ఈ కోణం నుంచి చూస్తే మండలి సభ్యులను మూర్ఖులుగానో, పుస్తక శత్రువులుగానో చిత్రించే కథనం చాలదు. పరిమితమైన రాబడి, పెరిగే పన్నులు, మారుతున్న కాలం, వియత్నాం యుద్ధానంతర అలజడి – వీటి మధ్య తమ అదుపులో ఉన్నది పాఠశాల ఒక్కటేనని భావించిన సమాజానికి వారు ప్రతినిధులు. వారి భయాన్ని అర్థం చేసుకోవచ్చు. అయితే ఆ భయానికి మూల్యం చెల్లించినది పిల్లలు.

8. పఠన పద్ధతి: ఖండమూ, సమగ్రమూ

సాహిత్య విద్యార్థికి ఈ వివాదంలో న్యాయసూత్రం కంటె ఆసక్తికరమైనది పఠన పద్ధతి. సదస్సు నుంచి వచ్చిన జాబితాలలో పుస్తకాల పేర్లతో పాటు అభ్యంతరకర భాగాల ఉటంకింపులు ఉన్నాయి. పవెల్ తన భిన్నాభిప్రాయానికి అటువంటి భాగాలనే అనుబంధంగా చేర్చారు. సందర్భం నుంచి విడివడిన వాక్యం ఏ గ్రంథంలోనైనా వికారంగానే కనిపిస్తుంది. తిట్టు ఎవరి నోట వచ్చింది, ఎందుకు వచ్చింది, దానిని కృతి సమర్థిస్తున్నదా నిరసిస్తున్నదా అనే ప్రశ్నలకు ఖండిత వాక్యంలో జవాబు ఉండదు. ఔచిత్యాన్ని సమగ్ర కావ్యంలో చూడాలని మన అలంకారికులు చెప్పినది ఇందుకే.

తెలుగువారికి ఈ పద్ధతి అపరిచితం కాదు. ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి ప్రకటించినప్పుడు, కొన్ని పద్యాలను అశ్లీలంగా ఎత్తిచూపి వలస ప్రభుత్వం గ్రంథాన్నే నిషేధించింది. ఆ నిషేధం 1947 దాకా తొలగలేదు. రెండు సందర్భాల మధ్య కాలం, అధికార స్వరూపం వేరు. కావ్యాన్ని పద్యాలుగా, నవలను వాక్యాలుగా తెగ్గోసి విచారించే పద్ధతి మాత్రం ఒకటే. రెండు చోట్లా నోరు మూతపడినది అంతకుముందే అంచున ఉన్న గొంతులకు కావడం కూడా గమనార్హం.

నల్లజాతి జీవితం తెలుగు పాఠకుడికి దగ్గరయినది కూడా పుస్తకం ద్వారానే. అలెక్స్ హేలీ 'రూట్స్'కు సహవాసి చేసిన 'ఏడు తరాలు' అనువాదం తెలుగు పాఠకలోకంలో విస్తృతంగా చదవబడింది. సముద్రాల అవతలి మనిషి పుస్తకం ద్వారా పొరుగువాడు కాగలిగినప్పుడు, కొద్ది మైళ్ల దూరంలోని హార్లెం మనిషి లెవిట్‌టౌన్ పిల్లవానికి అదే విధంగా పొరుగువాడు కాగలడు. పుస్తకాలు దుకాణాలలో దొరుకుతాయి కదా అన్న వాదనలోని లోపం ఇక్కడే ఉంది. దుకాణంలో కొనడానికి, పుస్తకం పేరు ముందే తెలిసి ఉండాలి. పాఠశాల గ్రంథాలయంలో పిల్లవాడు వెదకని పుస్తకం కూడా అతనికి ఎదురవుతుంది.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి. ఒకటి, ఐలండ్ ట్రీస్ వివాదానికి మూలం కేవలం నైతికాభ్యంతరం కాదు. ఇంటిపన్నుతో పాఠశాలను పోషించే శివారు సమాజంలో, పాఠశాల మండలి ఊరి ఏకైక సమీప పాలనావేదిక కావడం దానికి భూమిక. రెండు, జాతి నిబంధనతో పుట్టిన ఊరిలో, బయటి మనుషుల జీవితాలను లోపలికి తెచ్చిన పుస్తకాలే ఎక్కువగా తొలగింపు జాబితాలో చేరాయి. మూడు, చదివి తూచిన సమీక్షా సంఘం నివేదికకూ, జాబితాను అనుసరించిన మండలి నిర్ణయానికీ మధ్య ఉన్న తేడా పఠన పద్ధతిలోని తేడా. నాలుగు, స్థానిక స్వపరిపాలన అనే సూత్రం ఒకే వారంలో వెలువడిన రెండు తీర్పులలో రెండు విధాలుగా పనిచేసింది. ఒకదానిలో పిల్లల మధ్య అసమానతను నిలబెట్టింది, మరొకదానిలో పిల్లల పఠన హక్కు ముందు అసంపూర్ణంగానైనా వెనక్కి తగ్గింది.

పాఠశాల ఎవరిదన్న మొదటి ప్రశ్నకు ఐలండ్ ట్రీస్ పూర్తి సమాధానం ఇవ్వలేదు. ఊరిది కాదని ఏ న్యాయమూర్తీ అనలేదు. ఊరిది మాత్రమే కాదని మాత్రం ఆ అయిదుగురు పిల్లలు అనిపించగలిగారు. ఊరు తన పిల్లలకు తన విలువలను ఇవ్వడానికి బడి కడుతుంది. ఊరు చూపలేని లోకాన్ని చూపడానికి ఆ బడిలో గ్రంథాలయం ఉంటుంది. ఈ రెండింటికీ మధ్య ఘర్షణ తప్పదు. అది లేని బడిలో ఏదో ఒకటి లోపించిందని అనుమానించవచ్చు.